ఎన్విడియా ఫలితాలు అంచనాలు దాటినా షేర్ ఎందుకు పడింది?

తరువాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. 2025 నవంబరు 19న ఎన్విడియా త్రైమాసిక ఫలితాలు ఇచ్చింది. ఆదాయం 57 బిలియన్ డాలర్లు, అంటే ఏడాది క్రితం కంటే 62% ఎక్కువ. తరువాతి త్రైమాసికానికి 65 బిలియన్లు వస్తాయని చెప్పింది. రెండూ అనలిస్టుల అంచనాలకు మించినవే. మర్నాడు షేర్ మొదట్లో 5% దాకా ఎగిరి, మార్కెట్ మూసేసరికి 3% నష్టంలో ఉంది. "ఇంతకంటే ఏం చేసి చూపించాలి వీళ్లకి?" అని అడిగారు. 2026 ఫిబ్రవరి ఫలితాలకు ముందు ఇంకొన్ని కొనాలా, ఉన్నవి అమ్మేయాలా అన్నది మీ రెండో ప్రశ్న. శాన్‌హోసేలో వేరే చిప్ కంపెనీలో పనిచేస్తున్న మీ తమ్ముడి ఆర్‌ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ విడతలవారీగా ఇచ్చే షేర్ల) గురించి కూడా అడిగారు, దాన్ని చివర్లో చూద్దాం.

సెమీకండక్టర్ సప్లై ప్లానింగ్‌లో చాలాకాలం పనిచేశాను కాబట్టి కొంత లోపలి వైపు నుంచి చెబుతాను.

సూటిగా జవాబు ఇదీ. యాప్‌లో "అనలిస్టుల సగటు అంచనా" అని కనిపించే అంకె ఒకటి ఉంటుంది, షేర్ ధరలో అప్పటికే కలిసిపోయిన అంచనా ఇంకొకటి ఉంటుంది. మొదటిదాన్ని ఎన్విడియా మూడేళ్లుగా ప్రతిసారీ దాటుతూనే ఉంది. షేర్ కదిలేది మాత్రం రెండోదాన్ని బట్టి. ఆ రెండోది ఎక్కడా అచ్చయి ఉండదు, మనమే లెక్కగట్టుకోవాలి. అదేమంత బ్రహ్మవిద్య కాదు. కంపెనీ పాత ప్రెస్ రిలీజులు ఓ పది పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

నేను అలా పెట్టి చూపిస్తాను. ప్రతి ఫలితంతో పాటు కంపెనీ "వచ్చే త్రైమాసికంలో మాకు ఇంత ఆదాయం వస్తుంది, 2% అటూ ఇటూ" అని ఒక మాట చెబుతుంది. దాన్నే గైడెన్స్ అంటారు. కింద ముందున్నది మూడు నెలల క్రితం చెప్పిన గైడెన్స్, తరువాతది నిజంగా వచ్చిన ఆదాయం. అన్నీ బిలియన్ డాలర్లు. ఎన్విడియా ఆర్థిక సంవత్సరం జనవరి చివరి ఆదివారంతో ముగుస్తుంది. వాళ్లు "2026 మూడో త్రైమాసికం" అంటే మనకది 2025 ఆగస్టు నుంచి అక్టోబరు. ఆ తికమక లేకుండా ఫలితం ప్రకటించిన నెలనే రాస్తున్నాను.

2023 ఆగస్టు: చెప్పింది 11, వచ్చింది 13.51
2023 నవంబరు: చెప్పింది 16, వచ్చింది 18.12
2024 ఫిబ్రవరి: చెప్పింది 20, వచ్చింది 22.10
2024 మే: చెప్పింది 24, వచ్చింది 26.04
2024 ఆగస్టు: చెప్పింది 28, వచ్చింది 30.04
2024 నవంబరు: చెప్పింది 32.5, వచ్చింది 35.08
2025 ఫిబ్రవరి: చెప్పింది 37.5, వచ్చింది 39.33
2025 మే: చెప్పింది 43, వచ్చింది 44.06
2025 ఆగస్టు: చెప్పింది 45, వచ్చింది 46.74
2025 నవంబరు: చెప్పింది 54, వచ్చింది 57.01

రెండు అంకెల మధ్య తేడా చూడండి. కొన్నిసార్లు రెండున్నర, ఒకసారి మూడు, ఒకటి రెండుసార్లు కాస్త తక్కువ. కానీ వరుసగా నాలుగైదుసార్లు కొలిచి పోసినట్టు రెండు బిలియన్లే. కూరగాయల బండి దగ్గర కిలో వంకాయలు తూచాక ఇంకో రెండు చేత్తో తీసి వేస్తారు చూడండి, అలాంటి కొసరు ఇది. మొదటిసారి వేస్తే మురిసిపోతాం. ప్రతి వారం వేస్తుంటే అది మన హక్కు అనుకుంటాం. ఒక వారం వేయకపోతే బండివాడితో పేచీ పెట్టుకుంటాం. వాల్‌స్ట్రీట్ ఫండ్ మేనేజర్లదీ ఇదే వరస. గైడెన్స్ 28 అని కంపెనీ చెబితే వాళ్ల కాగితం మీద రాసుకునేది 30. టీవీలో వచ్చే సగటు అంచనా ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఎందుకంటే అనలిస్టు బహిరంగంగా రాసే అంకెలో కాస్త జాగ్రత్త పడతాడు.

కంపెనీ ఇదంతా కావాలని ఆడే ఆట అని చాలామంది అనుకుంటారు. పూర్తిగా అలా కాదు. ఒక జీపీయూ, అంటే ఎన్విడియా అమ్మే ఏఐ చిప్, తయారీకి నెలలు పడుతుంది. తైవాన్‌లో టీఎస్‌ఎమ్‌సీ ఫ్యాబ్‌లో (చిప్‌ల ఫ్యాక్టరీలో) వేఫర్, అంటే చిప్‌లు చెక్కే సిలికాన్ బిళ్ల, మొదలవ్వాలి, దాన్ని కోవాస్ ప్యాకేజింగ్‌కు (చిప్‌నూ మెమరీనీ పక్కపక్కన కలిపి కూర్చే దశకు) పంపాలి, ఎస్‌కే హైనిక్స్ లాంటివాళ్ల నుంచి వచ్చిన హెచ్‌బీఎమ్ మెమరీ దానిలో కూర్చోవాలి, టెస్టింగ్ కావాలి, తరువాత సర్వర్ ర్యాకులో బిగించాలి. అంటే త్రైమాసికం మొదలయ్యే రోజుకే, ఆ మూడు నెలల్లో అమ్మబోయే సరుకులో చాలా భాగం ఎక్కడో ఒక లైను మీద నడుస్తూ ఉంటుంది. ఆర్డర్లు ఎలాగూ క్యూలో ఉన్నాయి. ఇక తేలాల్సినవి ఈల్డ్ (తయారైనవాటిలో పనికొచ్చే చిప్‌ల వాటా) ఎంత వస్తుంది, ర్యాకులు ఎంత వేగంగా సిద్ధమవుతాయి అన్నవే. సీఎఫ్‌ఓ కొలెట్ క్రెస్ స్థానంలో ఎవరున్నా తప్పకుండా చేరుకోగల అంకెనే చెబుతారు. రెండు బిలియన్లు ఎక్కువ వస్తే దక్కే మెప్పు కంటే అర బిలియన్ తక్కువ వస్తే పడే దెబ్బ చాలా పెద్దది. కాబట్టి ఈ గైడెన్స్ జోస్యం లాంటిది కాదు, మాట పోకుండా చూసుకుని ఇచ్చే హామీ. దాన్ని దాటడంలో వార్త ఏమీ లేదు.

దీనికి అన్నిటికంటే చక్కటి ఉదాహరణ 2024 ఆగస్టు 28. ఆ రోజు అంకెలు బయటకు వచ్చాక తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మీ ప్రశ్నే తిరిగింది. ఆదాయం 122% పెరిగింది. దానికి తోడు 50 బిలియన్ డాలర్ల షేర్ల బైబ్యాక్‌కు బోర్డు ఆమోదం. అయినా మర్నాడు షేర్ 6% పైన పడింది. పై జాబితాలో ఆ వరస మళ్లీ చూడండి. చెప్పింది 28, అలవాటైన కొసరు 2, వచ్చింది 30.04. అంటే అందరూ అనుకున్నదే అక్షరాలా వచ్చింది, ఆశ్చర్యం సున్నా. తరువాతి త్రైమాసికానికి 32.5 చెప్పారు. సగటు అంచనా కంటే కొంచెం ఎక్కువే, కానీ పెద్ద ఫండ్లు మనసులో పెట్టుకున్నది 33, 34 దగ్గర. పైగా గ్రాస్ మార్జిన్ (అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలే వాటా) అంతకుముందు త్రైమాసికంలో 78.4% ఉంటే 75.1%కి దిగింది. కొత్త బ్లాక్‌వెల్ చిప్ ఈల్డ్ మెరుగుపరచడానికి మాస్క్‌లో (చిప్ డిజైన్‌ను వేఫర్ మీద అచ్చువేసే పలకలో) మార్పు చేశామని కూడా కంపెనీ అదే రోజు చెప్పింది. చిప్ రంగంలో ఉన్నవాళ్లకు ఆ ఒక్క వాక్యం చాలు. మాస్క్ మార్చారంటే కొంత సరుకు వృథా పోయింది, కొత్త సరుకు కొన్ని వారాలు వెనకబడింది అని అర్థం. 122% అన్న అంకె కంటే ఆ వాక్యానికే బరువెక్కువ.

దీనికి పూర్తి విరుద్ధంగా 2023 మే 24 చూడండి. అప్పుడు అనలిస్టులు తరువాతి త్రైమాసికానికి 7 బిలియన్ల పైచిలుకు అనుకుంటున్నారు. కంపెనీ 11 అంది. ఎవరి కాగితం మీదా ఆ అంకె లేదు. షేర్ ఒక్కరోజులో 24% పెరిగింది. తమాషా ఏంటంటే అప్పుడు ప్రకటించిన త్రైమాసికం ఆదాయం 7.19 బిలియన్లు, అంతకుముందు ఏడాది అదే త్రైమాసికం కంటే తక్కువ! ఆదాయం తగ్గిన రోజున 24% పెరిగిన షేరే, ఆదాయం రెట్టింపు దాటిన రోజున 6% పడింది.

ఇక శాతాల గోల. "వృద్ధి 265% నుంచి 56%కి పడిపోయింది, ఎన్విడియా పని అయిపోయింది" అని 2025లో ఎన్ని వీడియోలు వచ్చాయో మీకూ గుర్తుండే ఉంటుంది. ఏడాది ప్రాతిపదికన వృద్ధి శాతాలు నిజంగానే అలా దిగాయి: 2024 ఫిబ్రవరిలో 265, మేలో 262, ఆగస్టులో 122, నవంబరులో 94, 2025 ఫిబ్రవరిలో 78, మేలో 69, ఆగస్టులో 56. చూస్తే కొండ మీంచి జారుతున్నట్టే ఉంటుంది.

అదే కాలానికి, ముందు త్రైమాసికం మీద ఎన్ని డాలర్లు కలిశాయో చూడండి. 2024 ఫిబ్రవరిలో దాదాపు 4 బిలియన్లు, మేలో 3.9, ఆగస్టులో 4, నవంబరులో 5, 2025 ఫిబ్రవరిలో 4.25, మేలో 4.7. జారుడు ఎక్కడుంది? ప్రతి మూడు నెలలకూ కంపెనీ ఇంచుమించు ఒకే వేగంతో పెరిగింది. పోల్చే ఏడాది కిందటి అంకె పెద్దదవుతూ వచ్చింది కాబట్టి శాతం తగ్గింది, అంతే. ఐదో తరగతి లెక్క ఇది. అయినా పెద్ద పెద్ద శీర్షికలు దీని మీదే నడుస్తాయి.

2025 ఆగస్టు ఒక్కటి వేరుగా కనిపిస్తుంది, కలిసింది 2.7 బిలియన్లే. దాని వెనక హెచ్20 కథ ఉంది. చైనా కోసం తక్కువ శక్తితో చేసిన ఆ చిప్‌కు ఎగుమతి లైసెన్స్ తప్పనిసరి అని అమెరికా ప్రభుత్వం 2025 ఏప్రిల్ 9న కంపెనీకి చెప్పింది. దాంతో ఆ త్రైమాసికంలో 4.5 బిలియన్ డాలర్ల సరుకు, కొనుగోలు ఒప్పందాలు నష్టం కింద రాసుకోవాల్సి వచ్చింది. ఇంకో 2.5 బిలియన్ల సరుకు పంపలేకపోయారు. మే ఫలితాల్లో కొసరు ఒక బిలియనే కావడానికి కారణం ఇదే. ఆ తరువాతి త్రైమాసికంలో హెచ్20 అమ్మకాలు 4 బిలియన్లు తగ్గాయి. ఆ తగ్గుదలను పక్కన పెడితే మిగతా వ్యాపారం ఆ మూడు నెలల్లో దాదాపు 6.7 బిలియన్లు పెరిగింది. అంటే వేగం తగ్గలేదు, పెరిగింది. తరువాతి త్రైమాసికంలో 10 బిలియన్లు కలిసినప్పుడు శాతం కూడా 56 నుంచి 62కి లేచింది. ఆగస్టులో డాలర్లను చూసినవాళ్లకు నవంబరు అంత ఆశ్చర్యం కలిగించలేదు.

కాబట్టి నేను వాడే కొలమానం ఒకటే. ఇప్పుడు వచ్చిన ఆదాయానికీ, తరువాతి త్రైమాసికానికి ఇచ్చిన గైడెన్స్‌కూ మధ్య దూరం ఎంత? దాన్ని అడుగు అనుకుందాం. 2024 ఆగస్టులో 30.04 వచ్చాక 32.5 చెప్పారు, అడుగు రెండున్నర. అదే ఏడాది నవంబరులోనూ ఇంచుమించు అంతే. 2025 ఫిబ్రవరిలో 3.7. ఆగస్టులో 7.3. నవంబరులో 8. అడుగు పొడవు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే భవిష్యత్తు గురించి కంపెనీ నోటి నుంచి వచ్చే అసలు మాట. మిగతా వేడుకంతా జరిగిపోయిన మూడు నెలల గురించి.

మరి 8 బిలియన్ల అడుగు వేసినా నవంబరు 20న షేర్ ఎందుకు పడింది? ఇక్కడ క్యాలెండర్ చూడాలి. ఎన్విడియా తన ఫలితాలు చాలా పెద్ద టెక్ కంపెనీల కంటే ఆలస్యంగా ఇస్తుంది. టీఎస్‌ఎమ్‌సీ తన అమ్మకాల అంకెను ప్రతి నెలా 10వ తేదీ ప్రాంతంలో ప్రకటిస్తుంది. త్రైమాసిక ఫలితాలు అక్టోబరు మధ్యలోనే ఇచ్చేస్తుంది. అక్టోబరు చివరి వారంలో కస్టమర్ల వంతు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2025 పెట్టుబడి ఖర్చు అంచనాను 91-93 బిలియన్ల మధ్యకు పెంచింది, అదే ఆ ఏడాది మొదట్లో 75 అని చెప్పింది. మెటా 70-72 మధ్య అంది. మైక్రోసాఫ్ట్ ఒక్క త్రైమాసికంలోనే 35 బిలియన్ల దాకా ఖర్చు పెట్టింది. ఈ డబ్బులో పెద్ద వాటా ఎవరి జేబులోకి పోతుందో చిన్న పిల్లాడికీ తెలుసు. ఇవి చాలవన్నట్టు అక్టోబరు 28న వాషింగ్టన్ సభలో ఎన్విడియా సీఈఓ జెన్సన్ హువాంగ్ తమ బ్లాక్‌వెల్, రూబిన్ చిప్‌లకు 2026 చివరి దాకా 500 బిలియన్ డాలర్ల వ్యాపారం కనిపిస్తోందని చెప్పాడు. మర్నాడు కంపెనీ మార్కెట్ విలువ 5 ట్రిలియన్ డాలర్లు తాకింది. మంచి వార్త నవంబరు 19న రాలేదు, మూడు వారాల ముందే వచ్చేసింది. ధరలో చేరిపోయింది కూడా.

నవంబరు 20న మార్కెట్ అడిగిన ప్రశ్నలు వేరు. అమ్మారు సరే, డబ్బు చేతికి వచ్చిందా? కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు జనవరిలో 23 బిలియన్లుంటే అక్టోబరు చివరికి 33కి చేరాయి. అమ్మకాలు పెరిగినప్పుడు బాకీలు పెరగడం మామూలే, దానికే మోసం అనేంత దూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం. రెండోది, ఈ చిప్‌లు కొన్న కంపెనీలు వాటిని ఎన్నేళ్లు వాడతాయి? మెటా తన సర్వర్ల ఆయుష్షును ఐదున్నరేళ్లుగా లెక్కవేసుకుంది. అమెజాన్ మాత్రం ఏఐ వేగం చూసి కొన్ని సర్వర్ల ఆయుష్షును ఆరేళ్ల నుంచి ఐదుకు తగ్గించింది. ఈ వాదన ఇంకా తేలలేదు. ఆయుష్షు తగ్గిందంటే కొన్నవాళ్ల లాభాలు తగ్గుతాయి, వాళ్ల లాభం తగ్గితే మళ్లీ కొనే ఉత్సాహం తగ్గుతుంది. మూడోది కస్టమర్ల సంఖ్య. 2025 ఆగస్టు ఫలితాల తరువాత దాఖలు చేసిన పత్రంలో ఇద్దరు నేరు కస్టమర్ల నుంచే 23%, 16% ఆదాయం వచ్చిందని ఉంది. వాళ్లలో ఒకరు ఒక్క త్రైమాసికం ఆర్డర్లు వాయిదా వేసినా లెక్కంతా తలకిందులవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ 57 బిలియన్ల అంకెతో తీరే సందేహం కాదు. పైగా ఆ రోజు నాస్‌డాక్ మొత్తమే 2% పైన పడింది, అందులో ఎన్విడియా తప్పు ఎంత అని విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

చిప్ కంపెనీ అంచనాలు తప్పితే ఎలా ఉంటుందో ఈ మూడేళ్లలో మార్కెట్‌లోకి వచ్చినవాళ్లు చూడలేదు. అందుకే పాత రోజులు కొంచెం గుర్తు చేస్తాను. 2018 నవంబరులో ఇదే ఎన్విడియా తరువాతి త్రైమాసికానికి 2.7 బిలియన్లు అంది, అనలిస్టులు 3.4 అనుకుంటున్నారు. క్రిప్టో మైనింగ్ చల్లబడి గ్రాఫిక్స్ కార్డులు డీలర్ల గోడౌన్లలో పేరుకుపోయాయి. షేర్ ఒక్కరోజులో 19% పడింది. అక్కడితో ఆగలేదు, రెండు నెలలకు ఆ 2.7ను కూడా 2.2కు తగ్గించారు. 2022 ఆగస్టులో ఇంకోసారి: 8.1 వస్తుందని చెప్పి, ఫలితాల తేదీ రాకముందే 6.7 మాత్రమే వచ్చిందని ప్రకటించారు. కొసరు మాట అటుంచి, తూకానికే మోసం. ఆ రెండుసార్లూ ముందు త్రైమాసికం దాకా వృద్ధి శాతాలు కళ్లు చెదిరేలానే ఉన్నాయి. తేడా కనిపించింది ఆదాయంలో కాదు, సరుకు నిల్వల్లో. అమ్మకాల కంటే నిల్వలు వేగంగా పెరుగుతున్నాయా అన్నది బ్యాలెన్స్ షీట్‌లో ఒక్క నిమిషం పని. శాతాలు చూసే అలవాటున్నవాళ్లు ఆ నిమిషం కేటాయించరు.

పీఈ రేషియో (షేర్ ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లు ఉందన్న లెక్క) గురించి కూడా ఒక మాట. "పీఈ తక్కువుంది కదా, చవకే కదా" అని కొందరు అడుగుతారు. చిప్ కంపెనీలకు అది తిరగబడే లెక్క. హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉన్న మైక్రాన్‌నే తీసుకోండి. 2018 ఆర్థిక సంవత్సరంలో షేరుకు 11.51 డాలర్ల లాభం వచ్చింది. షేర్ 40ల్లో ఉండేది. పీఈ నాలుగు! మన ఊళ్లో సిమెంటు కంపెనీ కూడా అంత చవకగా దొరకదు. మరుసటి ఏడాది లాభం 5.51కి, ఆపై ఏడాది 2.37కి దిగింది. 2023లో ఏకంగా నష్టం. ఆ నాలుగు పీఈ అంటే షేర్ చవకని మార్కెట్ చెప్పడం కాదు. "ఈ లాభం నిలబడదు" అని మార్కెట్ ముందే చెప్పడం. ఎన్విడియాకు ఇప్పుడు అంత తక్కువ పీఈ లేదు, అంటే లాభాలు నిలబడతాయనే నమ్మకం ఇంకా ధరలో ఉందన్నమాట. ఆ నమ్మకాన్ని ఎప్పటికప్పుడు నిలబెట్టుకోవాల్సి రావడమే వాళ్లకున్న అసలు టెన్షన్.

మార్జిన్ సంగతి త్వరగా ముగిస్తాను. గ్రాస్ మార్జిన్ 75% దగ్గర ఉంచుతామన్నది కంపెనీ మాట. నవంబరులో 73.4 వచ్చింది, తరువాతి త్రైమాసికానికి 74.8 చెప్పారు. ఇది 72 వైపు దిగడం మొదలైతే ఆదాయం ఎంత పెరిగినా నేను ఆలోచనలో పడతాను. మెమరీ ధర పెరిగో, ఏఎమ్‌డీ గానీ గూగుల్ సొంత చిప్‌లు గానీ గట్టి పోటీ ఇచ్చో బేరమాడే శక్తి తగ్గుతోందంటే అది మొదట కనిపించేది అక్కడే.

ఇప్పుడు 2026 ఫిబ్రవరి ఫలితాల సంగతి. గైడెన్స్ 65. అలవాటైన కొసరు రెండు మూడు కలిపితే 67, 68 దగ్గర అంచనా ధరలో కూర్చుని ఉందనుకోండి. టీవీలో "65 అంచనాను దాటి 68!" అని వస్తే అది వార్త కాదు. చూడాల్సింది తరువాతి త్రైమాసికం గైడెన్స్. 68 వచ్చి, తరువాత 76 అంటే అడుగు నిలబడింది. 68 వచ్చి 70 అన్నారనుకోండి. ఏడాది క్రితం ఆ త్రైమాసికం 44 కాబట్టి శీర్షికల్లో "59% వృద్ధి" అని ఘనంగానే ఉంటుంది. కానీ అడుగు 8 నుంచి 2కి పడిపోయింది. ఆ రోజు షేర్ గట్టిగా పడితే నాకు ఆశ్చర్యం ఉండదు.

మరి ముందే కొనాలా? కొనొద్దనే చెబుతాను, ఫలితాల కోసమని మాత్రం. ఏదో చెడు జరుగుతుందని నాకు తోచి కాదు. నేను చెప్పిన లెక్క మొత్తం తెలిసిన ఫండ్లు, ఆప్షన్ డెస్కులు అవతలి వైపు కూర్చుని ఉన్నాయి, వాటి మీద మనకు పైచేయి ఏమీ లేదు. ఆ ఒక్క రాత్రి అటైనా ఇటైనా జరగొచ్చు. మన దగ్గర నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద పంపే డబ్బుతో విదేశాల్లో మార్జిన్ ట్రేడింగ్ (అప్పు తీసుకుని షేర్లు కొనడం) చేయడానికి ఎలాగూ వీల్లేదు, అది ఒకందుకు మంచిదే. మూడేళ్లో ఐదేళ్లో ఉంచుకునే ఉద్దేశంతో నెలనెలా కొంటున్నారంటే ఫలితాల తేదీని పట్టించుకోకుండా మీ వరసలో మీరు కొనండి.

అమ్మే విషయంలో ఒకటి చూసుకోండి. ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకు విదేశీ షేర్లు 24 నెలలు దాటితే లాభం మీద పన్ను 12.5%, అంతకు ముందే అమ్మితే మీ స్లాబు ప్రకారం. 30% స్లాబులో ఉండి, 22 నెలల క్రితం కొన్నవాటిని ఫలితాల భయంతో అమ్మితే, షేర్ పడితే పోయేదాని కంటే పన్నుకు పోయేదే ఎక్కువ కావచ్చు. మీ మొత్తం పెట్టుబడిలో ఈ ఒక్క షేరు పావు వంతు దాటి ఉంటే మాత్రం కొంత తగ్గించుకోండి. దానికి ఫిబ్రవరితో సంబంధం లేదు. అన్నట్టు, ఆ రాత్రి మేలుకోవాల్సిన పని కూడా లేదు. చలికాలంలో మన టైము ప్రకారం ప్రెస్ రిలీజ్ వచ్చేసరికి తెల్లవారుజామున మూడు కావస్తుంది. పొద్దున లేచి సీఎఫ్‌ఓ వ్యాఖ్యానం అని కంపెనీ సైట్‌లో పెట్టే కాగితం తీస్తే గైడెన్స్, మార్జిన్, నిల్వలు మూడూ అందులోనే ఉంటాయి.

మీ తమ్ముడి సంగతి. ఆర్‌ఎస్‌యూ వెస్ట్ అయిన (షేర్లు పూర్తిగా ఉద్యోగి సొంతమైన) రోజునే దాని విలువ మొత్తం జీతం కింద పన్నుకు వస్తుంది. ఆ తరువాత ఆ షేర్లు ఉంచుకోవడం అంటే ఆ రోజు ధరకు సొంత డబ్బుతో కొన్నట్టే. కాబట్టి ఆయన్ని ఒక ప్రశ్న అడగండి: బోనస్ నగదుగా చేతికి వస్తే మొత్తం పెట్టి ఈ కంపెనీ షేర్లే కొంటావా? కొనను అంటే వెస్ట్ అయినవి అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. జీతం, వీసా, ఇంటి లోను ఇప్పటికే అదే కంపెనీ మీద ఆధారపడి ఉన్నాయి. 2024 ఆగస్టు 1న ఇంటెల్ ఫలితాలు ఇచ్చినప్పుడు 15% ఉద్యోగాల కోత ప్రకటన, మర్నాడు షేర్ 26% పతనం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉద్యోగం పోయే వాళ్ల దగ్గరున్న షేర్ల విలువ కూడా మర్నాడే పావు వంతు పైన కరిగిపోయింది.

ఫలితాలకు ముందు అమ్మాలా తరువాతా అన్న సందేహం చాలామటుకు ఆయన చేతిలో ఉండదు. త్రైమాసికం చివరి వారాల నుంచి ఫలితాలు వచ్చిన ఒకటి రెండు రోజుల దాకా ఇలాంటి కంపెనీల్లో చాలామంది ఉద్యోగులకు ట్రేడింగ్ విండో మూసేస్తారు. ప్రతిసారీ ఆ విండో కోసం ఎదురుచూసి, తెరిచిన రోజు ధర చూసి తటపటాయించే బదులు, విండో తెరిచి ఉన్నప్పుడే 10బీ5-1 ప్లాన్ పెట్టుకోమనండి. ఎన్ని షేర్లు, ఏ తేదీల్లో అమ్మాలో ముందే రాసిస్తే, ఉద్యోగులకు ఉండే 30 రోజుల గడువు దాటాక బ్రోకరే అమ్ముతూ పోతాడు. కంపెనీ స్టాక్ ప్లాన్ విభాగానికి ఒక మెయిల్ పెడితే ఫారం పంపిస్తారు.